‘మళ్ళీ ఎప్పుడు?’ అని నన్నెవరూ అడగలేదు

2024 నవంబరు. మా కోడలు ఆసుపత్రి నుంచి వచ్చిన రెండోరోజు సాయంత్రం. వంటింట్లో తన కోసం జావ కాస్తున్నాను. మెల్లగా వచ్చి గడప దగ్గర నిలబడింది.

‘‘అత్తమ్మా, మీకో మాట చెప్పాలె. మేమిద్దరం ఒక ఆర్నెల్లు ఆగుదామనుకుంటున్నం. డాక్టరమ్మ గోలీలు రాసిచ్చింది. ఇయ్యాల్టి నుంచి ఏసుకుంటున్న.’’

తొమ్మిదో వారంలో కడుపు పోయింది తనకి. కళ్ళకింద వాపు ఇంకా తగ్గలేదు. అప్పుడే పిల్లలు వద్దనే గోలీలా? నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. పైకి మాత్రం మామూలుగానే అన్నాను:

‘‘ఇప్పుడు గోలీలెందుకు బిడ్డా? ముట్టు వచ్చినంక చూసుకోవచ్చు గద. ఎట్లయినా రెండు మూడు నెలలు ఏం కాదు.’’

తను ఏమీ అనలేదు. తలాడించి గదిలోకి వెళ్ళిపోయింది. నేను గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట నాది కాదు. ఇరవై ఏడేళ్ళ క్రితం ఇదే వంటింట్లో మా అత్తమ్మ నాతో అన్న మాట. ఆ మాట ఎంత తప్పో నా ఒంటికి తెలుసు. తెలిసీ, నా కోడలితో అదే మాట అన్నాను!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి ఆ రాత్రే కారణం.

అఫ్జల్‌గంజ్‌కి కోడలినై...

మాది భువనగిరి. 1996లో పెళ్ళయి అఫ్జల్‌గంజ్ వచ్చాను. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో గుమాస్తా. దుకాణాల వెనక సందులో, మేడ మీద రెండు గదులు. కిందికి దిగితే పొద్దున ఆరింటి నుంచే తోపుడుబండ్లు, ఎండుమిర్చి ఘాటు, బస్టాపులో కండక్టర్ల కేకలు. నాలుగడుగులు వేస్తే ఉస్మానియా ఆసుపత్రి, ఇంకొంచెం వెళ్తే మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. నదికి అటు హైకోర్టు. పల్లెటూరి వాళ్ళు పెద్ద రోగమొస్తే రైలో బస్సో ఎక్కి ఎక్కడికి వస్తారో, ఆ చోటే మా ఇల్లు. ‘‘మీకేంటి, ఇంటి ముందే పెద్దాసుపత్రి’’ అనేది మా అమ్మ. ఇంటి ముందు ఆసుపత్రి ఉండటం వేరు, ఇంట్లో నాలుగు సంగతులు తెలిసి ఉండటం వేరు అని నాకు తర్వాత అర్థమైంది.

1997 జూన్‌లో, మృగశిర కార్తె వెళ్ళిన వారానికి, మూడో నెలలో నాకు రక్తస్రావం మొదలైంది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు. మత్తిచ్చి కడుపు శుభ్రం చేశారు. మర్నాడు ఇంటికి పంపుతూ చీటీ మీద రక్తం పట్టే మాత్రలూ, ఇంకేవో మాత్రలూ రాసి, ‘‘బరువులు ఎత్తొద్దు’’ అన్నారు. అంతే. వచ్చే నెల ఏమవుతుందో, మళ్ళీ గర్భం ఎప్పుడు రావచ్చో, వద్దనుకుంటే ఏం చేయాలో... ఒక్క మాట లేదు. నాకు ఇరవై ఒక్కేళ్ళు. అడగాలని నాకూ తెలియదు.

ఇంటికొచ్చాక ఓదార్పులు మొదలయ్యాయి. ‘‘చెట్టుకు కాసినయన్నీ నిలుస్తయా? ఒకటి పోతే ఇంకొకటి కాస్తది’’ అంది పక్కింటావిడ. ‘‘బస్సుల భువనగిరికి పోవుడెందుకు?’’ అంది ఇంకొకావిడ. బొప్పాయి తిన్నావా, గ్రహణం నాడు బయటికెళ్ళావా అని అడిగిన వాళ్ళున్నారు. కింది వాటాలో ఉండే ఖాలా ఒక్కతే ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుని తల నిమిరింది. మా ఆయన మూడు రోజులు దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చారు. నా మీద కోపమేమో అనుకున్నాను. లైబ్రరీ పక్కన మూసీ గోడ దగ్గర ఒక్కరే కూర్చుని వచ్చేవారని ఎన్నో ఏళ్ళకు గానీ చెప్పలేదు.

‘‘అత్తమ్మా, మళ్ళ ఎప్పుడు...’’ అని నేనే ఒకరోజు నసిగాను. ‘‘రెండు మూడు నెలలు ఏం కాదు బిడ్డా. ముట్టు రానీ. అప్పుడు చూసుకుందురు’’ అంది. మా అత్తమ్మ చెడ్డది కాదు. ఆరుగురిని కన్న మనిషి. ఆమెకు తెలిసిందే ఆమె చెప్పింది.

పసిరికలు కావు, పసిబిడ్డ

జూన్ పోయింది, జులై పోయింది. ముట్టు రాలేదు. ‘‘కడుపు పోయినంక ఎనకా ముందూ అయితది’’ అన్నారు. శ్రావణమాసం వచ్చేసరికి పోపు వాసన పడటం లేదు. అన్నం చూస్తే వికారం. కళ్ళు పాలిపోయాయి. ‘‘పసిరికలు’’ అని తేల్చారు ఇంట్లోవాళ్ళు. ఎవరో చెబితే, ఒక పెద్దాయన దగ్గర వరసగా మూడు ఆదివారాలు పసరు తాగించారు. ఏ ఆకో, ఏ వేరో ఆయనకే తెలియాలి.

బతుకమ్మ పండక్కి పుట్టింటికి వెళ్ళాను. గడపలో నన్ను చూసీ చూడగానే మా అమ్మ ముఖం మారిపోయింది. ‘‘ఇదేం పసిరికలే! నువ్వు నీళ్ళోసుకున్నవు’’ అంది. మర్నాడు పరీక్ష చేయిస్తే నాలుగో నెల! రక్తం ఏడు గ్రాములే ఉందన్నారు.

అందరూ సంతోషించారు. కొబ్బరికాయ కొట్టారు. నేను మాత్రం పెరటి బావి దగ్గర కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మొదటి బిడ్డ కోసం ఏడవడం నాకింకా పూర్తి కాలేదు. ఒంట్లో శక్తి లేదు. ఇంకో బిడ్డ కావాలా, ఇప్పుడే కావాలా అని నేను అనుకోనే లేదు. పైగా ఆ పసరు! అది బిడ్డకేం చేసిందో అని ఆ రోజు నుంచి పురిటి దాకా నాకు కంటి మీద కునుకు లేదు. పుట్టాక వాడి వేళ్ళన్నీ లెక్కపెట్టుకున్నాను. రెండుసార్లు.

1998 శివరాత్రి దాటిన వారానికి, తొమ్మిదో నెల పడీ పడకముందే వాడు పుట్టాడు. కిలో తొమ్మిది వందల గ్రాములు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. దగ్గర దగ్గర గర్భాల వల్లే అలా అయిందని నేననను. నా రక్తహీనత పెద్ద కారణం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ రక్తం పట్టేదాకా ఆగే అవకాశం నాకు ఉండాల్సింది. ఆ అవకాశం ఉందన్న సంగతే నాకు తెలియలేదు. వాడే ఇప్పుడు ఆరడుగుల మనిషి, మా కోడలి భర్త.

ముందు వచ్చేది అండమే

ఆరో నెలలో నన్ను చూసిన డాక్టరమ్మకి నా కథంతా చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, గోడ మీదున్న క్యాలెండర్ చూపిస్తూ చెప్పింది. ఆ పది నిమిషాలు నాకు ముందే దొరికి ఉంటే ఎంత బాగుండేదో!

‘‘నెలసరి ముందు రాదమ్మా. ముందు అండం విడుదలవుతుంది. అది వృథా అయితే, దాదాపు రెండు వారాల తర్వాత నెలసరి వస్తుంది. నువ్వు నెలసరి కోసం చూస్తూ కూర్చున్నావు. అదెలా ఉందంటే, బస్సు వెళ్ళిపోయాక స్టాపులో నిలబడటం’’ అంది.

మొదటి మూడు నెలల్లో గర్భం పోతే, ఒంట్లోని గర్భపు హార్మోన్ తగ్గిపోతుంది. అది తగ్గగానే మెదడు నుంచి అండాశయానికి మళ్ళీ కబురు వెళ్తుంది. కొందరిలో రెండు వారాలకే అండం విడుదలవుతుంది. చాలామందిలో నెల తిరగకుండానే అవుతుంది. అంటే, కడుపు పోయాక ఒక్కసారి కూడా నెలసరి చూడకుండానే మళ్ళీ నెల తప్పవచ్చు. గర్భం దానంతటదే పోయినా, వైద్యులు తీసేయాల్సి వచ్చినా, తనే వద్దనుకుని చట్టప్రకారం తీయించుకున్నా ఒంటికి ఆ తేడా తెలియదు.

మరి మా అత్తమ్మలకు ‘రెండు మూడు నెలలు ఏం కాదు’ అన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలా ఏళ్ళు దాని గురించి ఆలోచించాను. అది బాలింతల అనుభవం నుంచి వచ్చింది. బిడ్డ పుట్టి, రాత్రీ పగలూ రొమ్ము పాలే తాగుతుంటే, తల్లికి నెలసరి నెలల తరబడి రాకపోవచ్చు. ఆ రోజుల్లో గర్భం వచ్చే అవకాశం కూడా తక్కువే. ఆరుగురికి పాలిచ్చి పెంచిన మనిషి చెప్పింది ఆ అనుభవమే. కానీ కడుపు పోయినప్పుడు పాలిచ్చే బిడ్డేదీ? బాలింతకు పెట్టిన లెక్కే మాకూ పెట్టారు. లెక్క నిజమే, వాడిన చోటు తప్పు.

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుకుంటారేమో. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మధ్యాహ్నాలు లైబ్రరీకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. అక్కడ మా పేట గురించి చదివాను. ఇప్పుడు ఉస్మానియా ఉన్నచోట వెనకటికి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. క్లోరోఫామ్ మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు పనిచేసింది ఈ ఊళ్ళోనే. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నడిపించారు. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ మహిళ హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ మత్తుమందు ఇచ్చే డాక్టరుగా పనిచేశారు. ప్రపంచంలోనే ఆ పని చేసిన తొలి మహిళల్లో ఒకరని ఆవిడకు పేరు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఆ ఆసుపత్రిని ముంచేసింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు.

అంత చదువు నడిచిన వీధిలో, ఆ తర్వాత వందేళ్ళకి, అండం ముందా నెలసరి ముందా అన్నది తెలియని కోడల్ని నేను! ఆసుపత్రి గోడ దాటి మా మేడ మెట్లెక్కడానికి ఆ ఒక్క మాటకు వందేళ్ళు చాలలేదు.

జండూబామ్ కథ

బాబు పుట్టాక డాక్టరమ్మ మా ఆయన్ని కూడా పిలిచి కూర్చోబెట్టింది. ‘‘రెండేళ్ళ దాకా ఇంకో కాన్పు వద్దు. ఈ పిల్లకి రక్తం లేదు. బాధ్యత నీది కూడా’’ అని గట్టిగా చెప్పింది. ఆయన తలూపారు. ఆ సాయంత్రం నిరోధ్ కొనడానికి బయల్దేరారు.

పెద్దాసుపత్రి చుట్టుపక్కల మందుల దుకాణాలకు కొదవా! కానీ ప్రతి దుకాణంలోనూ ఈయన్ని ఎరిగినవాడే. మొదటి చోట ‘‘ఏం కావాలె అన్నా?’’ అనగానే నోరు పెగల్లేదు. జండూబామ్ కొన్నారు. రెండో చోట జ్వరం మాత్రలు. మూడో చోట వాళ్ళ శేఠ్ గారి తమ్ముడు కనపడితే వెనక్కి తిరిగొచ్చేశారు. ఆ నెలంతా మా ఇంట్లో నాలుగు జండూబామ్ సీసాలు. చివరికి ఎవరూ ఎరగని చోటని కోఠీ దాకా నడిచివెళ్ళి, పాత పేపర్లో చుట్టి తెచ్చారు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆ నాలుగో సీసా నాటికి మాత్రం నాకు నవ్వు రాలేదు. గండం నాది, సిగ్గు ఆయనది!

1968 నుంచి ప్రభుత్వం నిరోధ్ ప్రచారం చేస్తూనే ఉంది. ఎర్ర త్రికోణం బొమ్మ గోడ గోడకీ వేసింది. కానీ మా తరానికి కుటుంబ నియంత్రణ అంటే ఒక్కటే అర్థం: ఇద్దరు పుట్టాక ఆడవాళ్ళకు ఆపరేషన్. నేనూ 2001లో పాప పుట్టాక అదే చేయించుకున్నాను. ఇప్పటికీ ఆ తీరు పెద్దగా మారలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, పెళ్ళయిన ఆడవాళ్ళలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైన. మాత్రలు, కాపర్-టి, కండోమ్ లాంటివి వాడేవాళ్ళు చాలా కొద్దిమంది. అంటే మనకి ‘ఇక చాలు’ అనడం తెలుసు. ‘కొంచెం ఆగుదాం’ అనడమే తెలియదు. కడుపు పోయిన ఆడపిల్లకు అక్కరకొచ్చేది ఆ రెండో మాటే.

మర్నాడు పొద్దున

మళ్ళీ మా కోడలి దగ్గరికొస్తాను. రాత్రంతా ఇవన్నీ గుర్తుచేసుకున్నాక, పొద్దున్నే చాయ్ పట్టుకుని తన గదికి వెళ్ళాను.

‘‘నిన్న నేనన్నది తప్పు బిడ్డా. గోలీ ఏసుకున్నవా?’’ అనడిగాను.

తను ఆశ్చర్యంగా చూసింది. ‘‘ఏసుకున్న అత్తమ్మా. మీకు చెప్పకుండ ఏసుకోవద్దనే చెప్పిన. మీరు వద్దన్నా ఏసుకునేదాన్నే’’ అంది. అని, ఏడ్చేసింది. ‘‘నాకు పిల్లలు వద్దని కాదు. ఇప్పుడే మళ్ళ ఆ భయం పడలేను’’ అంది. పెరటి బావి దగ్గర నేను ఏడ్చిన ఏడుపు అదే. నా కథంతా ఆ రోజే మొదటిసారి ఒక మనిషికి చెప్పాను.

తర్వాతి వారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. నాకున్న అనుమానాలన్నీ సిగ్గుపడకుండా అడిగాను. డాక్టరమ్మ విసుక్కోలేదు. నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. ఎవరికేది సరిపడుతుందో వాళ్ళ డాక్టరే చెప్పాలి, అది మరువకండి.

నా మొదటి భయం, గోలీలు వేసుకుంటే తర్వాత పిల్లలు పుట్టరేమోనని. అది వట్టి భయమే. మానేశాక మామూలుగానే గర్భం వస్తుంది. మొదటి మూడు నెలల్లో గర్భం పోయినవాళ్ళు అదే రోజు నుంచి మాత్రలు మొదలుపెట్టవచ్చు. అయితే రక్తపోటు, తీవ్రమైన ఒకవైపు తలనొప్పి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళకు అన్ని మాత్రలూ పడవు కాబట్టి ముందే చెప్పుకోవాలి. హార్మోన్ లేని ‘ఛాయ’ మాత్ర కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకసారి.

ఇన్‌ఫెక్షన్ లేకపోతే కాపర్-టి కూడా వెంటనే వేయించుకోవచ్చు. తీయించుకున్న నెల నుంచే మళ్ళీ గర్భానికి అవకాశం. మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ సంగతి మాత్రం కొంచెం వేరు. అది ఆపేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఎక్కువ పట్టవచ్చు. ఆరు నెలల్లోనే మళ్ళీ బిడ్డ కావాలనుకునేవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోవాలి. కండోమ్‌కి ఏ ఇబ్బందీ లేదు, మగవాళ్ళు జండూబామ్ కొనకుండా ఉంటే చాలు! ఇక ఆపరేషన్ లాంటి శాశ్వత నిర్ణయం మాత్రం ఆ దుఃఖంలో, ఎవరో తొందరపెట్టారని తీసుకోకూడదు.

ఆగడం ఇష్టంలేని వాళ్ళూ ఉంటారు. ‘మాకు వెంటనే కావాలి’ అనే దంపతులను కూడా భయపెట్టక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. గర్భం పోయాక కనీసం ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లో సూచించారు. కానీ 2010లో స్కాట్లాండ్‌లో 30 వేల మందికి పైగా మహిళల వివరాలు పరిశీలిస్తే, ఒకసారి గర్భం పోయి ఆరు నెలల్లోపే మళ్ళీ నెల తప్పినవాళ్ళకు అదనంగా ముప్పేమీ కనిపించలేదు. ఆలస్యం చేసినవాళ్ళకన్నా వాళ్ళ గర్భాలే బాగా నిలిచాయి. అందుకే ఒంట్లో రక్తం సరిగా ఉండి, మనసు కుదుటపడితే, ఒక నెలసరి చూసుకుని ప్రయత్నించవచ్చని చాలామంది డాక్టర్లు చెబుతున్నారు. ఆ ఒక్క నెలసరి కూడా నెలల లెక్క తెలియడం కోసమే. ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళు ఊరికే ఆలస్యం చేయకపోవడమే మంచిది. అప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి.

కొందరు మాత్రం తప్పనిసరిగా ఆగాలి. ముత్యాల గర్భం అంటారే, గర్భసంచిలో బిడ్డకు బదులు ద్రాక్షగుత్తిలా పెరిగేది, అది వచ్చినవాళ్ళు డాక్టరు సరేననేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి. రక్తహీనత, అదుపులో లేని షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళు ముందు వాటిని సరిచేసుకోవాలి. రెండుమూడుసార్లు కడుపు పోయినవాళ్ళు పరీక్షలు చేయించుకోవాలి. నెగెటివ్ రక్తం గ్రూపు ఉన్నవాళ్ళకు 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమేమో అడగాలి. జ్వరం, దుర్వాసన, ఆగని రక్తస్రావం ఉంటే ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకొకటి. తెలిసిన గర్భాల్లో వందకి పది నుంచి ఇరవై దాకా ఇలా తొలి నెలల్లోనే పోతాయట. అందులో సగం దాకా పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే. బస్సెక్కినందుకు కాదు, గ్రహణానికి కాదు. 1997లో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే, భువనగిరి బస్సుని నేను అన్నేళ్ళు తిట్టుకునేదాన్ని కాదు.

ఉద్యోగాలు చేసేవాళ్ళకు కూడా ఒక మాట. గర్భం పోయినప్పుడు ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే ఉంది. ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు అలాగే ఉంది. ఆ చట్టం వర్తించే చోట డాక్టరు కాగితం చూపించి అడిగి తీసుకోవాలి. మా కోడలు ఆఫీసులో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. తను అడిగితేనే ఇచ్చారు.

ఇప్పుడు...

మా కోడలు ఆరు నెలలన్నది ఎనిమిది నెలలు వేసుకుని గోలీలు మానేసింది. ఆ సంగతి తనే చెప్పింది. ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు. నెలనెలా తన ముఖం కేసి చూడటం కూడా మానుకున్నాను. అది మాత్రం కొంచెం కష్టంగానే ఉంది. మనవడో మనవరాలో కావాలని నాకు లేక కాదు. ఆ కోరిక నాది. ఒళ్ళు తనది.

మా అత్తమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆరుగురు కాక, ఆమెకూ రెండు పోయాయని ఖాలా ఒకసారి చెప్పింది. ఆమెను ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు? తెలియనిదాన్ని ఎలా చెబుతుంది? నాకు తెలుసు కాబట్టి, నేను చెప్పకపోతే తప్పు నాదవుతుంది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక ఆడపిల్లకు ఇలా జరిగితే, ‘ఒకటి పోతే ఇంకొకటి’ అనకండి. కాసేపు పక్కన కూర్చోండి. కడుపునిండా అన్నం పెట్టండి. ఆ తర్వాత, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేలోపే, మెల్లగా అడగండి: ‘‘మళ్ళీ ఎప్పుడనుకుంటున్నవు బిడ్డా?’’ ఇప్పుడే కావాలన్నా, ఆగుతానన్నా, తెలియదన్నా ఆ జవాబు తననే చెప్పనివ్వండి. రెండు వారాల్లో ఒళ్ళు మళ్ళీ సిద్ధమైపోవచ్చన్న సంగతి కూడా చెవిన వేయండి. అది తెలిస్తేనే తను జవాబు ఆలోచించుకోగలదు.

ఆ జవాబు మనకి నచ్చకపోయినా సరే, చాయ్ మాత్రం తీసుకెళ్ళి ఇవ్వండి.